ఆ దణ్ణం ఎవరికి?

నలభై ఆరేళ్ళ వయసులో నాకు మా ఇంట్లో మళ్ళీ బారసాల జరుగుతోంది. నన్ను ఏమని పిలవాలో ఎవరికీ తేలడం లేదు మరి!

దేవుడి గదిలో దీపం పెట్టను. వ్రతాలకి పీటల మీద కూర్చోను. అందుకని అత్తయ్యగారు ‘నాస్తికురాలు’ అని ఎప్పుడో తేల్చేశారు. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ పొద్దున్నే తులసికోటలో నీళ్ళు పోసి, చేతులు జోడించి కాసేపు నిలబడతాను. భద్రాచలంలో అందరూ దర్శనానికి వెళితే నేను గోదావరి గట్టున కూర్చుండిపోయాను. కళ్ళనీళ్ళు తిరిగాయి కూడా. “నమ్మకం లేనిదానివి, ఆ దణ్ణం ఎవరికే అమ్మాయ్?” అంటారావిడ. హేతువాది అయిన నా స్నేహితురాలిది మరో దెప్పు: “చెట్టుకి పెట్టేదానివి, గుళ్ళో రాయికి పెడితే ఏం పోయింది?”

చెట్టుని నేనేమీ కోరను. అది నా మొర వింటుందనీ అనుకోను. నా ప్రమేయం లేకుండా చిగురు వేస్తున్నదాన్ని చూస్తే తల దానంతటదే వంగుతుంది.

దీనికో పేరుంటుందేమోనని పుస్తకాలు తిరగేశాను. 1656లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని యూదులు స్పినోజాని వెలివేశారు. అప్పటికి పాపం ఇరవై మూడేళ్ళవాడు. దేవుడన్నా ప్రకృతన్నా ఒకటేనని తరవాత రాసుకున్నాడాయన. అలాంటివాళ్ళని 1705లో టోలండ్ అనే ఐరిష్ రచయిత ‘పాంథీయిస్టు’ అన్నాడు. బాగానే ఉందనుకుని తెలుగు నిఘంటువు తీస్తే ‘సర్వేశ్వరవాది’ట! వద్దన్న ఈశ్వరుడు మళ్ళీ వచ్చి మధ్యలో కూర్చున్నాడు.

మనవాళ్ళ లెక్క ఇంకా తమాషా. పూర్వం దర్శనాల్లో నాస్తికుడంటే దేవుణ్ణి కాదన్నవాడు కాదు, వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకోనివాడు. సాంఖ్యకారికల్లో సృష్టికర్త ఊసే లేదు. ఉన్నవి ప్రకృతీ, పురుషుడూ. యజ్ఞాలు చెయ్యమన్న మీమాంసకులు కూడా లోకాన్ని సృష్టించిన దేవుడొకడు అక్కర్లేదన్నారు. అయినా ఇద్దరూ ఆస్తికులే!

ఇదంతా కాలక్షేపానికి చదవలేదు లెండి. పోయినేడు మామయ్యగారి తద్దినానికి, నమ్మనిదాని చేతి వంట పితృదేవతలకి పనికిరాదని బంధువుల్లో ఓ పెద్దాయన నన్ను వంటింట్లోంచి లేవగొట్టారు. ఆఖరి రెండేళ్ళూ మామయ్యగారికి అన్నం కలిపి నోట్లో పెట్టినవి ఈ చేతులే. ఏ పేరూ లేకపోబట్టి కదా ఆయన తనకి తోచిన పేరు పెట్టేశారు అనిపించింది.

మొన్నొక సాయంత్రం సాంఖ్యం సంగతి అత్తయ్యగారికి చెప్పాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అంతా విన్నారు.

“ఇది ఆ పెద్దాయనకి తెలుసా?”

“అంత చదువుకున్నారు, తెలిసే ఉంటుందండీ.”

“అయితే ఈసారి వంట నువ్వే చెయ్యి. ఎవరైనా అడిగితే నేను చెప్పుకుంటాలే,” అని చేట నా ముందుకి తోశారు.