తడిగుడ్డ కింద పిండి

గత ఈద్ గడిచిన వారంలో జరిగిన సంగతి. సిద్దిపేటలో ఇంటర్మీడియట్ చదువుతున్న మా చిన్నమ్మాయిని స్నేహితురాళ్ళు ఈద్ దావత్ అడిగారు. అందరూ కలిసి పిజ్జా దుకాణానికి వెళ్ళాలనుకున్నారు. ఆమె అనుమతి కోరినప్పుడు నేను కితాబు మీది నుండి తల కూడా ఎత్తకుండా, "ఆ చీజ్ హరాం, వద్దు" అన్నాను. ఆమె వాదించలేదు. కాసేపు నిలబడి, "అబ్బా, అందులో ఏం కలుపుతారో మీరు ఎప్పుడైనా విచారించారా?" అని మాత్రం అడిగి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. విచారించకుండా హలాల్, హరాం అనే మాటలు నోటి నుండి రానివ్వకూడదని పాతికేళ్ళుగా మదరసాలో పిల్లలకు బోధిస్తున్నవాణ్ణి. నా కూతురు అడిగిన ప్రశ్నకు నా వద్ద జవాబు లేదు.

చీజ్ తయారీలో పాలను విరగగొట్టడానికి రెన్నెట్ వాడతారు. పూర్వం దానిని లేగదూడల కడుపు నుండి తీసేవారు. దాని విషయంలో ఫిఖహ్ పండితుల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఇది నేను చదువుకున్నదే. కాని నేటి చీజ్ సంగతి చూడలేదు. మరునాడు చేర్యాల వెళ్ళి, ఒక దుకాణంలో చీజ్ ప్యాకెట్ తిప్పి చూశాను. శాకాహారమని తెలిపే పచ్చ గుర్తు ఉంది. సూక్ష్మజీవుల నుండి తీసిన రెన్నెట్ అని స్పష్టంగా ముద్రించి ఉంది. పిజ్జా మీద వేసే మాంసం సంగతి వేరు, దానిని అడిగి తెలుసుకోవలసిందే. చీజ్ విషయంలో మాత్రం నేను తొందరపడ్డాను.

ఇంటికి వచ్చి ఆ మాట ఒప్పుకున్నాను. అప్పటికే స్నేహితురాళ్ళు ఆమె లేకుండా వెళ్ళి వచ్చేశారు. "వాళ్ళను మన ఇంటికే పిలువు, మనమే చేద్దాం" అన్నాను. పిజ్జా అంటే సగానికి పైగా పిండి పనేనని నాకు అప్పుడు తెలియదు.

మద్దూరులో మేము పుట్టి పెరిగింది జొన్నరొట్టెల మీద. జొన్నపిండిలో వేడినీళ్ళు పోసి కలిపి, చేత్తో తట్టి పెనం మీద వేస్తే రొట్టె అయిపోతుంది. ఆ అలవాటు కొద్దీ నేను మైదాలో కూడా మరిగిన నీళ్ళే పోశాను. ఈస్ట్ ప్రాణమున్న పదార్థం, అంత వేడికి చచ్చిపోతుంది. రెండు గంటల తరువాత చూస్తే పిండి పెట్టినది పెట్టినట్టే ఉంది. కాల్చితే అట్టముక్క. ఆ రోజు మా ఆవిడ వంటగది గుమ్మంలో నిలబడి చూసింది గాని, ఒక్క మాట అనలేదు.

రెండవసారి గోరువెచ్చని నీరు వాడాను. పావుకిలో మైదాకు సుమారు 150 మిల్లీలీటర్ల నీరు, అర చెంచా ఈస్ట్, ఉప్పు, ఒక చెంచా నూనె. జుహర్ నమాజుకు ముందు కలిపి, అస్ర్ తరువాత వచ్చి చూశాను. మన ఎండలకు పిండి పొంగి, మళ్ళీ కుంగిపోయి, పుల్లని వాసన వేస్తోంది. అంత వేడిలో గంటసేపే ఎక్కువని అప్పుడు అర్థమైంది.

మూడవది చపాతీ పిండి. మైదా వద్దనుకోవడానికి నాకొక కారణం ఉంది. సహీహ్ బుఖారీలోని ఆహార ప్రకరణం బోధించేటప్పుడు హజ్రత్ సహల్ బిన్ సఅద్ (రజి) ఉల్లేఖనం వస్తుంది. దైవప్రవక్త (స) కాలంలో జల్లెడలు ఉండేవి కావు. బార్లీ విసిరి, పొట్టును నోటితో ఊది, మిగిలినది కలుపుకునేవారు. ఆ పాఠం చెప్పి వచ్చి, పాలవంటి మైదా పిసకడానికి నా చేతులు వెనుకాడాయి. అయితే గోధుమ తవుడు పిండిలోని సాగుడును తెంపుతుంది. రొట్టె బరువుగా వచ్చింది. నీరు పెంచి, కలిపిన పిండిని అరగంట నాననిస్తే కొంత మెరుగైంది. ఈస్ట్ లేకుండా పెరుగు, వంటసోడాతో కూడా ఒకసారి చేశాం. మెత్తగానే వచ్చింది గాని, సోడా చిటికెడు ఎక్కువై సబ్బు రుచి తగిలింది.

ఒక సాయంత్రం పిండి మీద తడిగుడ్డ కప్పుతుంటే అమ్మాయి అడిగింది: "అబ్బా, పిండిని పులియబెట్టే ఖమీర్, మత్తెక్కించే ఖమ్ర్, రెండూ ఒకే ధాతువు కదా. మరి రొట్టె హలాల్ ఎలా అయింది?" నాకు ఎంతో సంతోషం కలిగింది. ఖా, మీమ్, రా. ఆ ధాతువుకు మూలార్థం కప్పడం. మత్తు బుద్ధిని కప్పుతుంది. స్త్రీ తల మీది ఖిమార్ కూడా అందులోనుండి వచ్చినదే. పిండి పులిసేటప్పుడు పుట్టే ఆ కాస్త ఆల్కహాల్ చాలావరకు కాలేటప్పుడే ఆవిరైపోతుంది, రొట్టె ఎవరికీ మత్తు ఎక్కించదు అని చెప్పాను. ఇన్నేళ్ళుగా సర్ఫ్ తరగతిలో ఈ ధాతువును నల్లబల్ల మీద వ్రాస్తున్నాను. పిండి మీద గుడ్డ కప్పింది మాత్రం ఆ వేసవిలోనే.

చివరకు కుదిరినది ఫ్రిజ్‌లో ఉంచిన పిండి. ఈస్ట్ చిటికెడే వేసి, గట్టిగా పిసకకుండా కలిపి, మూతపెట్టి 24 గంటలు చల్లదనంలో వదిలేశాం. బయటికి తీసి గంటసేపు ఉంచితే, వేళ్ళతో నొక్కగానే చిరగకుండా సాగింది. అదే పద్ధతిలో నాలుగో వంతు జొన్నపిండి కలిపి కూడా చేశాం. జొన్నకు సాగే గుణం లేదు, అంతకు మించి కలిపితే అంచులు విరిగిపోతాయి. మా ఇంట్లో ఓవెన్ లేదు. మందపాటి ఇనుప పెనం మీద ఒక వైపు కాల్చి తిరగేసి, కాలిన వైపున టమాటా గుజ్జు, ఉల్లి, చీజ్ పరచి, మూతపెట్టి సన్నని మంట మీద ఉంచాం.

మే నెలలో ఒక ఆదివారం నలుగురు అమ్మాయిలు వచ్చారు. జొన్న కలిపినది తిన్న ఒకామె, తన నాయనమ్మ చేసే రొట్టె వాసన వస్తోందని చెప్పి మరో ముక్క అడిగింది. ఆ రోజు తమతో ఎందుకు రాలేదని ఇంకొకామె అడిగితే, మా అమ్మాయి నా వైపు చూసి, "మా అబ్బా పొరపడ్డారు, తరువాత తెలుసుకున్నారు" అన్నది.

నేను తల ఊపి, మూత ఎత్తి చీజ్ కరిగిందో లేదో చూశాను. ఇంకా రెండు నిమిషాలు పట్టేలా ఉంది.