కొరమీను పిల్లలు

మృగశిర కార్తెకు చేప తినడం మా కోయగూడెంలోనూ ఉన్నదే. బతికున్న చేపను మింగడానికి హైదరాబాదు పోదామంటే మాత్రం అమ్మ నవ్వింది. ఆయాసం ఆ నవ్వును సగంలోనే ఆపేసింది.

ఆబిడ్స్‌లో బస్సు దిగి, గాంధీభవన్ మీదుగా నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి నడిచాం. బత్తిన వారి చేప ప్రసాదం ఇచ్చేది అక్కడే. అది మందు కాదని డాక్టర్లు, హేతువాదులు ఎప్పటినుంచో అంటున్నారు. నేనూ అమ్మ ఇన్‌హేలర్‌ను సంచిలో పెట్టుకునే వచ్చాను.

మత్స్యశాఖ తొట్ల దగ్గర మావాడు కదల్లేదు. రెండు మూడు అంగుళాల కొరమీను పిల్లలు మాటిమాటికీ పైకొచ్చి మూతి తెరుస్తున్నాయి.

"చేపలు మొప్పలతో కదా పీల్చేది?"

అమ్మ కోయలో ఏదో చెప్పింది. వాడికి అర్థం కాలేదు.

"తెలుగులో చెప్పు నానమ్మా."

"ఇది పైగాలి కూడా పీలుస్తది. అందుకే చెరువెండినా బురదలో బతుకుతది. చిన్నప్పుడు ఎర్రగా గుంపుకట్టి తిరుగుతయి, తల్లీతండ్రీ కాపలా ఉంటయి. పిల్లలున్న కొరమీనును మీ తాత పట్టనిచ్చేటోడు కాదు."

చుట్టూ ఉన్నవాళ్లు కూడా విన్నారు. మా వాడి సైన్సు పుస్తకంలో ఇదేమీ లేదు. కోయ మాట మాత్రం వాడికి నేను నేర్పలేదు, బడి నేర్పలేదు.

శాకాహారులకు ప్రసాదం బెల్లంలో పెట్టి ఇస్తారు. ఎండుచేప లేనిదే ముద్ద దిగని అమ్మ పోయి ఆ వరుసలో నిలబడింది. నేను ఏమీ అడగలేదు.

తిరుగు బస్సులో మావాడు నోటుబుక్కు తీశాడు. సూర్యాపేట వచ్చేసరికి, చేపల కోయ పేర్లు తెలుగు అక్షరాల్లో పదకొండు రాశాడు.