రాణిగంజ్‌లో ఐదు సూతుల షాఫ్ట్

పాత యంత్రానికి మోటారు చెడితే బాగుచేయించవచ్చు. చక్కులూ, బ్లేడును షాఫ్ట్‌కు బిగించే ఆర్బర్లూ దారి తప్పితేనే కష్టం. ఉదాహరణకు, హాన్స్ గోల్డ్‌ష్మిట్ రూపొందించిన షాప్‌స్మిత్ యంత్రం 1947 ప్రాంతంలో వచ్చింది. ఒకే మోటారుతో రంపం, లేత్, డ్రిల్లు, శాండర్ పనులన్నీ చేస్తుంది. వీటన్నిటికీ ఉన్నది ఒకటే షాఫ్ట్, ఐదు సూతులది. అంటే అంగుళంలో ఐదు ఎనిమిదో వంతులు, 15.875 మి.మీ.

రాణిగంజ్ దుకాణాల్లో దీనికి ఆర్బర్ అడిగితే, "పదహారు ఎమ్మెమ్‌ది ఉందన్నా, నడుస్తది" అంటారు ప్రేమగా. నడవదు. పదహారు రంధ్రం ఆ షాఫ్ట్ మీద 0.125 మి.మీ. వదులుగా కూర్చుంటుంది. స్క్రూ బిగించగానే ఆ వదులంతా ఒకవైపుకు చేరి బ్లేడు ఊగుతుంది. వేళ్లకు అంత దగ్గర్లో తిరిగే పళ్ల విషయంలో నేను సర్దుకోను.

అందుకే ఊరూపేరూ తెలియని ఆర్బర్ చేతికొస్తే ముందు కిరోసిన్‌లో నానబెట్టి తుడుస్తాను. ఒక్కోసారి తుప్పు కింద చెక్కిన అక్షరాలు తేలతాయి. చక్కు వెనక మరలుంటే థ్రెడ్ గేజ్ పెట్టాలి. తరచుగా తగిలేది అర అంగుళానిది, అంగుళానికి 20 మరలు. లోపల నున్నగా, ఏటవాలుగా ఉంటే జేకబ్స్ టేపర్ కావచ్చు. టెయిల్‌స్టాక్‌లో దూరేది సాధారణంగా మోర్స్ టేపరే: లావు చివర 17.78 మి.మీ. దగ్గరుంటే రెండో నంబరు, 12.065 దగ్గరైతే ఒకటోది. వెర్నియర్ చెప్పినా సరే, టేపర్ పొడవునా సుద్దగీత గీసి, గూట్లో పెట్టి తిప్పి చూడాలి. గీత మొదలు నుంచి చివరిదాకా సమానంగా చెరిగితేనే జత కుదిరినట్టు.

పాత యంత్రాలు అమ్మేవారికి ఒక్క మనవి: చక్కులను విడిగా తూకానికి వేయకండి. తీగతో యంత్రానికే కట్టి ఇవ్వండి.