పంటి వైద్యుని గుమ్మంలో

పంటి వైద్యుని పేరు వింటేనే జంకేవారిని పిరికివారనడం అన్యాయం. వెల్లకిలా పడుకొని, నోరు తెరచి, మాట పెగలని స్థితిలో మరొకరి చేతికి లొంగడం ఎవరికైనా కష్టమే.

1844లో అమెరికా దంతవైద్యుడు హొరేస్ వెల్స్ నైట్రస్ ఆక్సైడ్ పీల్చి తన పన్నునే తీయించుకున్నాడు. తరువాత, ఆ చోటికి మాత్రమే మత్తునిచ్చే సూదిమందులు వచ్చాయి. అయినా భయం పోలేదు. తనకు కావలసిన సాక్ష్యాన్ని అది తానే సృష్టించుకుంటుంది. లవంగనూనెతో రోజులు నెట్టుకువస్తే పిప్పి నరం దాకా చేరుతుంది. చీముపట్టి వాచినచోట ఆమ్లగుణం పెరిగి మత్తుమందు సరిగా పనిచేయదు. అప్పటి బాధ పాత భయాన్ని రూఢి చేస్తుంది.

నొప్పి లేనినాడే వెళ్ళడం మేలు. చెయ్యెత్తితే పని ఆపాలని వైద్యునికి ముందే చెప్పుకోవచ్చు. మొదటిసారికి పరీక్ష మాత్రమే చేయించుకొని తిరిగి రావచ్చు.