బీప్ రాని మూడు రంధ్రాలు



ఈ నెల నా పొరపాటు ఒకటి మీతో చెప్పుకోవాలనుంది.

సైన్స్ ఎగ్జిబిషన్‌కి వారం ముందు తొమ్మిదో తరగతి బాబు ఒకడు ఇంట్లో చేసిన సర్క్యూట్ బోర్డు తెచ్చాడు. రెండు వైపులా రాగి రేకు ఉన్న బోర్డు. వాళ్ల నాన్నగారు పక్కనే కూర్చుని, గ్లవ్స్ తొడిగించి, ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో అక్కర్లేని రాగిని కరిగింపజేశారట. రెండు వైపులా గీతలు చక్కగా వచ్చాయి. ఎల్ఈడీలు మాత్రం వెలగలేదు.

"మేడమ్‌ని అడుగు, ఆవిడకి తెలుస్తుందన్నారు నాన్న" అన్నాడు.

నాకు తెలియలేదు. ఆ మాట ఒప్పుకోలేక, "టైమ్ లేదు నాన్నా, రెడీమేడ్ కిట్ కొని పెట్టెయ్" అనేశాను. బాబు ముఖం చిన్నబోయింది.

ఆ రాత్రి కూర్చుని చదివాను. ఫ్యాక్టరీలో బోర్డుకు రంధ్రం వేశాక దాని లోపలి గోడకూ రాగి పూత పూస్తారు. పై గీత, కింది గీత అలా కలుస్తాయి. ఇంట్లో వేసిన రంధ్రానికి ఆ పూత ఉండదు. సన్నని తీగ దూర్చి పైనా కిందా సోల్డర్ చేయాలి. రెసిస్టర్ కాళ్లనైతే రెండు వైపులా అతికించవచ్చు. చిక్కంతా ఐసీ సాకెట్‌తోనే. దాని ప్లాస్టిక్ పై వైపు రాగిని కప్పేస్తుంది, సోల్డరింగ్ ఐరన్ మొన అక్కడికి వెళ్లదు.

మర్నాడు క్లాసులో అందరి ముందే, "నిన్న నాకు తెలియక అలా అన్నాను" అని చెప్పాను. మల్టీమీటర్ తీసుకుని ఇద్దరం ఒక్కో రంధ్రం పరీక్షించాం. రెండు వైపులా కలిసి ఉంటే బీప్ వస్తుంది. సాకెట్ దగ్గర మూడు చోట్ల రాలేదు.

సాకెట్ పక్కన ఖాళీ జాగాలో రంధ్రాలు వేశాం. తీగ ఒక చివర పై గీతకు, రెండో చివర కింద సాకెట్ కాలికి అతికించాడు. మూడో తీగ అతికించాక ఎల్ఈడీలు వెలిగాయి.

ప్రైజ్ రాలేదు. కానీ వచ్చినవాళ్లందరికీ బోర్డు తిరగేసి ఆ మూడు తీగలే చూపించాడు.

మీకో విన్నపం. పిల్లల ప్రాజెక్టు పని చేయకపోతే వెంటనే షాపుకి వెళ్లకండి. "ఎక్కడి దాకా పని చేస్తోంది?" అని అడగండి. అలాగే మా దగ్గరికి పంపండి. మాకు తెలియకపోతే తెలియదనే చెబుతాం. తర్వాత పిల్లలతో కలిసి వెతుకుతాం.