కప్పు తిరగేసి చూసే ఊరు

స్టోక్-ఆన్-ట్రెంట్, బుధవారం రాత్రి

బావగారూ,

మీ చెల్లెలికి ఇక్కడి చలి ఒక్కదానితోనే పేచీ, మిగతా వాటన్నిటితో రాజీపడిపోయింది. అమ్మాయీ అల్లుడూ పొద్దున్నే డ్యూటీలకి వెళ్ళిపోతే ఇక ఊరంతా మా ఇద్దరిదే.

“లండన్ వదిలేసి ఆ పొగగొట్టాల ఊళ్ళో ఏం చూస్తారండీ?” అని బయల్దేరేముందు మీరు అడిగారు. ఇంగ్లండువాళ్ళూ అదే అడుగుతున్నారు. రైల్లో ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి మేం దిగేది స్టోక్‌లో అని విని, “చుట్టాలున్నారా?” అన్నాడు. చుట్టాలుంటే తప్ప ఈ ఊరికి ఎవరూ రారని ఆయన ధీమా. లండన్ నుంచి గంటన్నర ప్రయాణం, అంతే. మాంచెస్టర్ వెళ్ళేవాళ్ళు చాలామంది ఈ ఊరి మీదుగానే పోతారు గాని దిగరు.

స్టేషన్ బయటికి రాగానే ఒక కంచు విగ్రహం. రాజూ కాదు, సేనాధిపతీ కాదు. చేతిలో కూజా పట్టుకున్న కుమ్మరి, జోసయా వెడ్జ్‌వుడ్. స్టేషన్ ముందు కుమ్మరి విగ్రహం ఉన్న ఊరు నేను ఇంకెక్కడా చూళ్ళేదు. మీరు ఇన్నేళ్ళుగా కప్పులూ సాసర్లూ అమ్ముకుంటూ వచ్చారు, కాబట్టి ఈ ఊరి సంగతులు మా అందరికంటే మీకే చెప్పాలి.

ఊరనడమేగాని ఇది ఆరు ఊళ్ళ కూడిక. టన్‌స్టాల్, బర్స్‌లెమ్, హ్యాన్లీ, స్టోక్, ఫెంటన్, లాంగ్టన్. 1910లో ఆరింటినీ కలిపారు, 1925లో నగరమని పేరు ఇచ్చారు. పేరూ రైల్వే స్టేషనూ స్టోక్‌వి, పెద్ద బజారేమో హ్యాన్లీలో. ఇక్కడ పుట్టిన నవలాకారుడు ఆర్నల్డ్ బెన్నెట్ తన కథల్లో వీటిని ఐదు ఊళ్ళని రాసి ఫెంటన్‌ని ఎగరగొట్టేశాడు. వందేళ్ళు దాటినా ఫెంటన్‌వాళ్ళు ఆ మాట మరిచిపోలేదట. ఇలాంటి తగువులు మన గోదావరి జిల్లాల సొత్తేమీ కాదన్నమాట.

పొద్దున టిఫిను సంగతి చెప్పకపోతే మీ చెల్లెలు ఊరుకోదు. ఇక్కడ ఓట్‌కేకులని అమ్ముతారు. ఓట్స్ పిండీ గోధుమపిండీ కలిపి, ఈస్టు వేసి పులియబెట్టి, కాలిన పెనం మీద పలచగా పోస్తారు. చూడ్డానికి అచ్చం మన అట్టే. లోపల చీజూ బేకనూ పెట్టి మడిచి చేతికిస్తారు. మేం బేకన్ వద్దని పుట్టగొడుగులు పెట్టించుకున్నాం. పూర్వం ఇండియాలో పనిచేసిన ఇక్కడి సిపాయిలు అట్టు రుచి మరిగి, తిరిగొచ్చాక ఓట్స్‌తో పోయించుకున్నారని ఊళ్ళో ఒక కథ చెప్తారు. నేను నమ్మను. ఓట్స్ పండే దేశంలో అట్టు పోసుకోవడానికి ఎవరో మనని చూసి నేర్చుకోవాలా? మీ చెల్లెలు మాత్రం పూర్తిగా నమ్మేసింది. కొట్టు ఆవిడ నన్ను ముద్దుగా “డక్” అని పిలిచింది, మీ చెల్లెల్నీ “డక్” అంది, మా వెనక నిలబడ్డ పోలీసాయన్నీ అదే అంది.


శుక్రవారం

బావగారూ,

ఇవాళ లాంగ్టన్‌లో గ్లాడ్‌స్టోన్ పాటరీ మ్యూజియం చూశాం. ఈ ఊళ్ళో ఒక్కపూట మాత్రమే ఉంటానని ఎవరైనా అంటే నేను ఇక్కడికే పొమ్మంటాను. వెడ్జ్‌వుడ్ మ్యూజియానికి పేరు ఎక్కువ, సరుకు ఇక్కడ ఎక్కువ.

ఇదొక పాత కార్ఖానా. 1970ల్లో పడగొట్టబోతుంటే కొందరు అడ్డుపడి మ్యూజియం చేశారు. రాళ్ళు పరిచిన వాకిలి, చుట్టూ మసిబారిన ఇటుక షెడ్లు, వాటి మధ్య ఇళ్ళకంటే ఎత్తుగా సీసా ఆకారపు బట్టీలు. బయటికి కనిపించే సీసా పొగని పైకి లాగే గూడు మాత్రమే. అసలు బట్టీ దాని లోపల గుండ్రంగా వేరే ఉంటుంది, చుట్టూ పొయ్యి నోళ్ళు. లోపలికి వెళ్ళి నిలబడొచ్చు. ఏళ్ళ తరబడి కాలీ కాలీ ఇటుకల మీద గాజు పూత పట్టేసింది, చెయ్యి వేస్తే జారుతుంది.

కప్పుల్ని నేరుగా మంటకి ఇవ్వరు. పొగా మసీ తగలకుండా సాగర్లనే మొరటు మట్టి డబ్బాల్లో సర్ది, వాటిని ఒకదాని మీద ఒకటి బట్టీ కప్పు దాకా పేర్చేవారు. ఆ డబ్బాలు చెయ్యడానికి ఒక పెద్దమనిషి, ఆయన కింద ఇద్దరు కుర్రాళ్ళు. ఒక కుర్రాడి పని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇనుప చట్రంలో మట్టి ముద్ద వేసి పెద్ద కొయ్య సుత్తితో బాది డబ్బా అడుగు తయారుచెయ్యడం, అంతే. నిండిన డబ్బాని నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కేవాళ్ళు వేరే. టోపీ లోపల పాత మేజోడు చుట్టి చుట్టకుదురు చేసుకునేవారట.

అన్నీ పేర్చాక గుమ్మం ఇటుకలతో మూసేసి నిప్పు పెడతారు. ఒక్కసారి కాల్చడానికి పది పదిహేను టన్నుల బొగ్గు. రెండు మూడు రోజులు మంట ఆగకూడదు, మంట చూసేవాడు నిద్రపోకూడదు. బట్టీ అంతా వాడి కంటిమీదే ఆధారం. మంట తప్పితే వందలమంది చేసిన పని పెంకులే. ఆ తర్వాత చల్లారడానికి ఇంకో రెండు రోజులు పట్టాలి. యజమాని తొందరపడితే, సగం చల్లారగానే తడిగుడ్డలు కప్పుకుని లోపలికి దూరి డబ్బాలు బయటికి తెచ్చేవాళ్ళు.

ఇలాంటి బట్టీలు ఊరంతా కలిపి ఒకప్పుడు 2000కు పైగా ఉండేవట. ఇప్పుడు మిగిలినవి 47. 1956లో గాలి శుభ్రత చట్టం వచ్చి బొగ్గుపొగ మీద ఆంక్షలు పెట్టింది, గ్యాసు బట్టీలూ కరెంటు బట్టీలూ వచ్చేశాయి. పనితనం తెలిసిన పాతవాళ్ళు బతికుండగానే చూసి దాచుకోవాలని 1978లో ఇదే లాంగ్టన్‌లో చివరిసారి ఒక సీసా బట్టీ కాల్చారు, దాన్ని ఫిల్ము కూడా తీశారు.

ఇంకో గది దగ్గర మీ చెల్లెలు చాలాసేపు ఆగిపోయింది. గ్లేజులో సీసం కలిపే రోజుల్లో కప్పుల్ని ఆ పాలల్లో ముంచే పని ఆడవాళ్ళూ పిల్లలూ కూడా చేసేవారు. చేతులు మణికట్ల దాకా సీసంలోనే. ముందు కడుపునొప్పి, తర్వాత చేతులు పడిపోవడం, చూపు పోవడం, గర్భస్రావాలు. మట్టిలో కలిపే చెకుముకి రాతి పొడి పీల్చినవాళ్ళకి ఊపిరితిత్తుల జబ్బు, దానికి ఊరే ‘పాటర్స్ రాట్’ అని పేరు పెట్టేసింది. అప్పటి దొరసానుల బల్లల మీద గులాబీ పూల కప్పులు ఎంత తెల్లగా ఉన్నాయో మనకి అద్దాల పెట్టెల్లో ఎక్కడైనా చూపిస్తారు. ఈ రెండో సగాన్ని దాచకుండా పెట్టినందుకే నేను ఈ మ్యూజియానికి మొదటి మార్కు వేశాను.

మరుగుదొడ్లకీ ఒక గ్యాలరీ ఉంది. నవ్వకండి. కమోడ్లూ పింగాణీయేగా! పూల డిజైన్లతో ఉన్న విక్టోరియా రాణి కాలం కమోడ్లు మీ షోరూములో పెడితే జనం టీ సెట్ల వైపు చూడరు.

టీ తాగడానికి కూర్చున్నాం. పక్క బల్ల దగ్గర ఒక ముసలాయన తన కేకుని రుమాలు మీదికి జరిపి, ఖాళీ ప్లేటు ఎత్తి తిరగేసి అడుగున ముద్ర చూసుకుని, తృప్తిగా తల ఊపి, మళ్ళీ కేకు దాంట్లో పెట్టుకున్నాడు. ఈ ఊరివాళ్ళు ఏ దేశంలో ఏ హోటలుకి వెళ్ళినా ఇదే పని చేస్తారని అల్లుడు చెప్పాడు. పెళ్ళి భోజనాల్లో మీరు చేసే పనే కదా, నేను వెంటనే మీ చెల్లెలి మొహం చూశాను.


ఆదివారం

బావగారూ,

నిన్న బర్స్‌లెమ్‌లో మిడిల్‌పోర్ట్ పాటరీ. కాలవ గట్టునే కట్టారు, 1888లో. బర్లీ అనే పేరుతో నీలం పూల సామాను ఇప్పటికీ ఇక్కడే తయారవుతోంది. కట్టడం కూలే స్థితికి వస్తే 2011లో అప్పటి యువరాజు చార్లెస్ ట్రస్టు వాళ్ళు కొని బాగుచేయించారు.

మీకు చెప్పదగ్గది అక్కడి అచ్చు పని. చెక్కిన రాగి రోలరుకి రంగు పట్టించి, పలచటి టిష్యూ కాగితం మీద పూలు అచ్చొత్తుతారు. ఆ తడికాగితాన్ని ఒకామె కత్తెరతో కప్పు వంపుకి సరిపోయేలా కత్తిరించి, కప్పుకి అంటించి, గట్టి కుంచెతో రుద్దుతుంది. చెవి దగ్గర కాగితం మడత పడకుండా వేలి గోటితో లోపలికి నొక్కుతుంది. పూల తీగ మొదలూ చివరా కలిసేచోట అతుకు కనిపించకూడదు. తర్వాత కాగితాన్ని నీళ్ళలో కడిగేస్తే రంగు కప్పు మీదే ఉండిపోతుంది. చూస్తుండగానే ఆమె ఒక పాలకూజా ముగించేసింది. నేను మెచ్చుకోబోతే, చెయ్యి ఆపకుండానే నవ్వింది.

అసలు ఈ సామానంతా ఇక్కడే ఎందుకు? మంచి తెల్లమట్టి కార్న్‌వాల్‌ది, ఎక్కడో దక్షిణాన. ఇక్కడున్నది బొగ్గు. కప్పుకి మట్టికంటే బొగ్గే ఎక్కువ ఖర్చవుతుంది కాబట్టి మట్టినే బొగ్గు దగ్గరికి తెచ్చారు. మొదట్లో గుర్రాల వీపుల మీద. తయారైన సామాను ఆ గతుకుల దారుల్లో ఎంత పగిలేదో మీకు చెప్పక్కర్లేదు. అందుకే వెడ్జ్‌వుడ్ పట్టుబట్టి ఈ కాలవ తవ్వించాడు. 1766లో మొదటి మట్టిగడ్డ ఆయనే తవ్వాడు, ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీ. 1777కి పూర్తయింది. ఇప్పుడు ఆ గట్టున జనం కుక్కల్ని తిప్పుకుంటున్నారు.

అదే కాలవ మీద ఎట్రూరియాలో 1857 నాటి మర ఒకటుంది, ఎముకలూ చెకుముకి రాళ్ళూ కాల్చి పొడిచేసేది. మీరు ‘బోన్ చైనా’ అని అమ్మే కప్పులో దాదాపు సగం పశువుల ఎముకల బూడిదే. దీపం ముందు పెడితే వెలుతురు కనపడేది అందువల్లే. మడి కట్టుకుని అందులోనే కాఫీ తాగే మన పెద్దత్తయ్యకి ఈ ఉత్తరం చదివి వినిపించకండి.

ఇవాళ బార్లాస్టన్‌లో వెడ్జ్‌వుడ్. పచ్చికబయళ్ళు, మంచి కెఫే, ఇంకా మంచి కొట్టు. ఆ నీలం మీద తెల్లబొమ్మల జాస్పర్ సామాను కోసం జోసయా వేలకొద్దీ ప్రయత్నాలు చేశాడు. బొత్తాలంత మట్టిబిళ్ళలకి నంబర్లు వేసి వరసగా పళ్ళేల్లో పెట్టిన నమూనాలు చూసినప్పుడు కూజాలు చూసినదానికంటే ముచ్చటేసింది. 1768లో ఒక కాలు తీసేశారు, అయినా పని ఆపలేదు. 1787లో బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా, సంకెళ్ళతో మోకరిల్లిన మనిషి బొమ్మతో పతకాలు చేయించి ఊరికే పంచాడు. జీవపరిణామం చెప్పిన డార్విన్ ఆయన కూతురి కొడుకే.

2014లో కంపెనీ పెన్షన్ అప్పు కింద ఈ మ్యూజియం వస్తువులన్నీ వేలానికి పోయే గతి పట్టింది. చందాలూ విరాళాలూ పోగుచేసి, 1.575 కోట్ల పౌండ్లు కట్టి నిలబెట్టుకున్నారు.


మంగళవారం

బావగారూ,

హ్యాన్లీ మ్యూజియంలో బంగారం చూశాం. 2009లో దగ్గర్లోని ఒక పొలంలో మెటల్ డిటెక్టరుతో తిరిగే మనిషికి దొరికిన ఆంగ్లో-శాక్సన్ నిధి. చాలావరకు కత్తిపిడుల తొడుగులు, గోరంత ముక్కల మీద కూడా కెంపురంగు రాళ్ళు పొదిగారు. మీ చెల్లెలు భూతద్దం కావాలంది. ఇదే భవనంలో స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం ఒకటి నిలబెట్టారు, దాన్ని రూపొందించిన రెజినాల్డ్ మిచెల్ ఇక్కడికి దగ్గర్లోనే పుట్టాడు.

ట్రెంథమ్ తోటలు బాగున్నాయి, అంతకంటే చెప్పడానికేం లేదు. ఆ పక్కనే అడవిలో 140 కోతుల్ని స్వేచ్ఛగా వదిలారు, టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళి చూడాలి. మన మేడమీదికి వడియాల కోసం ఊరికే వస్తాయి కదా అని మీ చెల్లెలు గేటు దగ్గరే కూర్చుంది.

ఊరు ఇబ్బందుల్లోనే ఉంది. స్పోడ్ కార్ఖానా 2008లో మూతపడింది, డడ్సన్ 2019లో, రాయల్ స్టాఫర్డ్ 2025లో. మూర్‌క్రాఫ్ట్ కూడా అదే ఏడు మూసేస్తే స్థాపకుడి మనవడు కొని మళ్ళీ తెరిచాడు. బట్టీకి గ్యాసు తప్పదు, ఆ గ్యాసు ధరేమో మండిపోతోంది. ప్యాలెస్‌లు చూపించే ఊళ్ళకి ఈ బెంగ లేదు. ఇక్కడ చూడాల్సింది మనుషులు పనిచెయ్యడం, పని ఆగితే చూడ్డానికేం మిగలదు. అందుకే మీ షాపు పిల్లల్లో ఎవరైనా ఇటు చదువుకి వస్తే ముందు మిడిల్‌పోర్ట్‌లో ఆ కాగితం పని చూసిరమ్మనండి, లండన్ ఎక్కడికీ పోదు.

మిడిల్‌పోర్ట్‌లోనే సెకండ్స్ కొట్లో నేనో పాలకూజా కొన్నాను. చెవి కింద పూలతీగ అతుకు అర అంగుళం తప్పింది, అందుకని సగం ధరకే ఇచ్చారు. మీకిస్తే ఆ వైపు గోడకి తిప్పిపెట్టి పూర్తి ధరకి అమ్మేస్తారని మీ చెల్లెలే అంటోంది. అంచేత అది మా ఇంట్లోనే ఉంటుంది, మీరొచ్చి తిరగేసి చూసుకోవచ్చు.

మీ
బావమరిది