వయ్యారిభామ రెండో దెబ్బ

పోయిన ఆదివారం మన సంఘం భవనం వెనక స్థలం శుభ్రం చేద్దామని పదిమందిమి చేరాం. నడుమెత్తు పెరిగిన కాంగ్రెస్ గిడ. దాన్ని ఆంధ్రాలో మన చుట్టాలు వయ్యారిభామ అంటారని చెబితే, ఈ బెంగళూరులోనే పుట్టి పెరిగిన పిల్లలు ఒకటే నవ్వు. మాస్కుల్లేవు, గ్లవ్సుల్లేవు. పూత మీదున్న మొక్కల్ని చేతులతోనే పీకేశాం. మా తెలివి అంతే.

పదకొండింటికి కోశాధికారి బావగారికి తుమ్ములు పట్టుకున్నాయి. కళ్ళు ఎర్రబడ్డాయి. సెట్రిజిన్ మాత్ర వేసుకుని గంటలో తేరుకున్నారు. అందరం పులిహోర తిని ఇళ్ళకు పోయాం. సాయంత్రం ఆరింటికి అక్కయ్య ఫోను. "ఆయనకు ఊపిరాడటం లేదు, పిల్లికూతలు వస్తున్నాయి." పరుగెత్తి ఆసుపత్రిలో చేర్చాం. నెబ్యులైజర్, స్టెరాయిడ్ ఇచ్చాక తెల్లారేసరికి కుదుటపడ్డారు.

"పొద్దున తగ్గిపోయింది కదమ్మా, మళ్ళీ ఎందుకొచ్చింది?" అని డాక్టరమ్మను అడిగాం. ఆవిడ చెప్పిందీ, ఆ తర్వాత మేం చదువుకున్నదీ కలిపి రాస్తున్నాం.

మన చర్మంలో, ముక్కులో, ఊపిరి గొట్టాల పొరల్లో మాస్ట్ కణాలుంటాయి. 1878లో పాల్ ఎర్లిక్ వాటి నిండా గుళికలు చూసి, బాగా మేసిన కణాలనుకుని ఆ పేరు పెట్టాడు. పుప్పొడి పడనివాళ్ళలో ఐజీఈ అనే యాంటీబాడీలు ఈ కణాల మీద ముందే అతుక్కుని ఉంటాయి. పుప్పొడి మళ్ళీ వచ్చి పక్కపక్క ఐజీఈలను కలిపి పట్టుకుంటే చాలు, నిమిషాల్లో గుళికల్లోని హిస్టమిన్ బయటపడుతుంది. తుమ్ములు, దురద, నీళ్ళు కారడం ఎక్కువగా దాని పనే. మాత్ర అడ్డుకునేది ఆ హిస్టమిన్‌నే.

కానీ అదే కణం లోపల ఇంకో పని మొదలవుతుంది. సైటోకైన్లనే సంకేత ప్రొటీన్లను పంపుతుంది. టీఎన్ఎఫ్ లాంటిది కొంత గుళికల్లో ముందే నిల్వ ఉంటుంది గానీ, ఇంటర్‌ల్యూకిన్-5, 13 వంటివాటిని ఎక్కువగా అప్పటికప్పుడు తయారుచేసుకోవాలి. అందుకు గంటలు పడుతుంది. ఆ కబురందుకుని ఇయోసినోఫిల్స్ వంటి తెల్లరక్తకణాలు గుంపుగా వచ్చి గొట్టాలను వాచేలా చేస్తాయి. నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత పడే రెండో దెబ్బ ఇదే. దీన్ని సెట్రిజిన్ పెద్దగా ఆపలేదు. స్టెరాయిడ్ ఆ ప్రొటీన్ల తయారీనే తగ్గిస్తుంది, అదీ నెమ్మదిగా.

బావగారి పక్కన అక్కయ్య ఉన్నారు కాబట్టి సరిపోయింది. మన సంఘంలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు ఎందరు? ఆ మధ్యాహ్నం ఆయన్ను అలా పంపేసి, సాయంత్రం దాకా ఒక్కరమూ ఫోను చేయలేదు.

సగం స్థలం ఇంకా మిగిలే ఉంది. వచ్చే ఆదివారం మాస్కు, గ్లవ్సులు, నిండు చేతుల చొక్కాతో రండి. ఉబ్బసం ఉన్నవాళ్ళు దయచేసి రావద్దు. తుమ్ములొచ్చినవాళ్ళకు రాత్రి దాకా రెండుసార్లు ఫోను చేసే పని మాది. బావగారు వస్తానంటున్నారు, అక్కయ్య తాళంచెవి దాచేశారట.